ఎడమచేతి సిలువ

సాయుధ పోరాటం రోజులు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా ఊరి చర్చిలో ఉపదేశి నాకు జపాలు నేర్పేవారు. ఎదురుగా కూర్చున్న ఆయన్ను అద్దంలోలా చూసి, నేను సిలువ గుర్తు ఎడమచేత్తో వేసుకునేదాన్ని. రోజూ తిట్లే.

ఒక పొద్దున దొరల మీద కొట్లాడే సంఘం మనిషొకాయన ఉరికొచ్చి నా పక్కన మోకరించాడు. వెనకే పోలీసులు.

"మీరంతా కిరస్తానమోళ్లేనా? ఏదీ, జపం చెయ్యిండ్రి" అన్నాడు జమేదారు.

భయంలో నా ఎడమచెయ్యే లేచింది. జపం తెలియని ఆయన నన్ను చూసి ఎడమచెయ్యే ఎత్తాడు. ఉపదేశి మా ఇద్దర్నీ చూసి, ఎత్తిన కుడిచెయ్యి దించి, తానూ ఎడమచేత్తోనే సిలువ వేసుకున్నారు. ముగ్గురిదీ ఒకే తీరని చూసి పోలీసులు వెళ్లిపోయారు.

"అయ్యగారూ, ఎడమచేత్తో ఏస్తే దేవునికి ముడ్తదా?" అని అడిగాను.

"గియ్యాల ముట్టింది బిడ్డా. రేపటి సంది కుడిచేత్తోనే ఎయ్యాలె."

అప్పట్నుంచీ కుడిచేత్తోనే వేసుకుంటున్నాను. అంత గట్టిగా ముట్టిన జపం మాత్రం మళ్లీ చేయలేదు.