పొట్టేలు తాగిన నీళ్లు

మొన్న కళ్లద్దాలు మార్పించుకుందామని ప్రొద్దుటూరికి పోయి జమ్మలమడుగు బస్సులో తిరిగి వస్తుంటే, మా ఊరి వంక దగ్గర గొర్రెలమంద రోడ్డుకడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ విసిగిపోయాడు గానీ, నేను కొత్త అద్దాలు తుడుచుకుని కిటికీలోంచి తల బయటపెట్టాను. మంద వంకలోకి దిగి, నీళ్లలో మూతులు పెట్టి తీరిగ్గా తాగుతోంది. అంతే. ఇందులో వింతేముందన్నట్టు పక్కసీటాయన నా మొహం చూశాడు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, యూరియా మూటను ఇంటికొచ్చిన కొత్తల్లుడిలా చూసుకున్న రోజులు. వ్యవసాయశాఖలో చిన్న ఉద్యోగంలో అప్పుడే చేరిన నేను, చదువు పిడికెడు, గొంతు పుట్టెడు గనుక, సైకిలు మీద ఊరూరా తిరిగి పైరుకు బలమంతా మూటలోనే ఉందని ఊదరగొట్టాను. మావాళ్లు నమ్మారు. ఎప్పటినుంచో ఉన్న తమ పద్ధతిని మాత్రం మానుకోలేదు. పాతనీళ్లు పైరుకు వేడి చేస్తాయని, ఎరువు చల్లిన మర్నాడే గట్టుకున్న మడవ తెంచి వరికయ్యలోని నీళ్లన్నీ వంకలోకి వదిలి, కొత్తనీళ్లు పెట్టేవారు. ఎరువు వంకలోకి, వంక పెన్నలోకి. అది వద్దని చెప్పాల్సినవాణ్ణి నేనే. మా నాయన చేసేదీ అదే కాబట్టి అందులో తప్పుందని నాకు తోచనేలేదు.

రెండేళ్లకు ఆ ఎరువుకే బలిసి వంకమీద నాచు పచ్చదుప్పటి కప్పినట్టు పేరుకుంది. ఆ నీళ్లు తాగి మా మేనమామ మందలో మూడు సూడిగొర్రెలు చచ్చిపోయాయి. తక్కినవి వంకకేసి చూడటమే మానేశాయి. మామ నన్ను టీకొట్టు ముందర పదిమందిలో నిలేశాడు.

"ఏందల్లుడా, పైరుకు బలమంటివి, నా గొర్రెల్ని బలిస్తివి గదరా! మందను పులివెందుల కొండలదిక్కు తోలుకపోతాండా. మీ కయ్యల్లో మంద కట్టేదానికి గొర్రెలు యాడ దొరుకుతాయో, ఆ మూటల్నే అడుక్కోండి."

అన్నంతపనీ చేశాడు. ఊరికి గొర్రెల ఎరువు పోయింది, మా అమ్మకు తోడబుట్టినవాడి రాకపోక పోయింది.

ఊళ్లోకెల్లా పల్లంలో ఉన్న కడపటి కయ్య మాది. అందులో వరి మానేసి, ఎరువు పీల్చుకునే జమ్ముగడ్డి పెంచి, అందరి కయ్యల నీళ్లూ అక్కడ నాలుగు రోజులు నిలిచి, తేరుకున్నాకే వంకలోకి పోయేటట్టు చేద్దామని నాయనతో అన్నాను. కయ్యకోసం ఇంట్లో కయ్యం మొదలైంది. మూడోనాడు సంగటి వడ్డిస్తూ అమ్మే తేల్చేసింది. "మా యన్న రాని ఇంట్లో ఆ వడ్లు ఎవురికి వండల్ల?"

నాయన మర్నాడే ఆ కయ్యలో జమ్ము దుబ్బులు నాటించాడు. ఇక ఎరువు తగ్గించమని, చల్లినాక నాలుగు రోజులు మడవ తెంచొద్దని గట్లవెంబడి తిరిగి బతిమాలుకున్నాను. మడవల సారని నాకు పేరుపడింది. మడవ మూసినాం, ఇంక నువ్వు నోరు మూయి సారూ అని ఒకావిడ దండం కూడా పెట్టింది.

మరుసటేడు కోతలయ్యాక, వంకమీద నాచు పోయిందని మామకు కబురుపెట్టాం. మంద దిగింది. నీళ్ల పరీక్ష కాగితం చూపబోతే ఆయన చేత్తో పక్కకు నెట్టి, పొట్టేలును ముందుకు తోలాడు. ఊరంతా గట్టుమీదే ఉంది. పొట్టేలు వాసన చూసింది, తలెత్తింది, వెనక్కి ఒకడుగు వేసింది. నా ప్రాణం అక్కడే పోయింది. అంతలో అది మూతి ముంచింది. దానివెనకే మందంతా వంకలోకి దిగి జుర్రుమని తాగుతుంటే, ఊరు ఊరంతా ఒక్కసారిగా ఈల వేసింది. నేను ఎగిరి గంతేసి నీళ్లలో పడ్డాను. నాచు లేదు గనుక, జారానని చెప్పుకునే వీలు కూడా లేకపోయింది.

మామ చెయ్యిచ్చి లాగాడు. "లెయ్ లెయ్, గొర్రెలు తాగుతాండాయి, నీళ్లు కలబెట్టొద్దు. పా, మా చెల్లెలు సంగటి సేసింటాది."

తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ వచ్చి చూసిపోయి, తమ కడపటి కయ్యల్లో జమ్ము పెట్టారు. అమ్మా, మామా ఇప్పుడు లేరు. మా కయ్యలో జమ్ము ఇంకా ఊగుతూనే ఉంది.

బస్సు కదిలింది. ఒక పొట్టేలు తాగిందని ఆనాడు ఊరంతా ఈల వేసింది. మొన్న మందంతా తాగుతుంటే, నేను తప్ప ఆ బస్సులో ఎవరూ తిరిగైనా చూడలేదు. మేము గెలిచింది ఇది ఇట్లా మామూలు కావడానికే గదా అనుకున్నాను. అయినా, మామ ఉండి ఉంటే మాత్రం బస్సు దిగేవాణ్ణే.