అద్దె ఖాకీ

మరియదాసు సినిమాల్లో కానిస్టేబులు. ఇన్‌స్పెక్టరు వేషాలు వేసేవాళ్లు వేరు. వాళ్లకు కుర్చీ వేస్తారు, గొడుగు పడతారు, మాటలు రాసిస్తారు. మరియదాసు ఆ ఇన్‌స్పెక్టరు వెనకాల నిలబడేవాడు. జీపు దిగేవాడు, తలుపు తన్నేవాడు, దొంగవేషం వేసినవాడి రెక్క పుచ్చుకుని ఈడ్చుకుపోయేవాడు. "ఎస్ సార్" అనే మాట తప్ప తెర మీద అతనికి ఇంకో మాట దక్కలేదు.

ఊరు రేపల్లె దగ్గర. మనిషి నిలువెత్తు, వెడల్పాటి ఛాతీ, దువ్వకుండానే నిలబడే మీసం. ఊళ్లో ఆ ఒడ్డూ పొడుగూ బస్తాలు మొయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఎనభైల మొదట్లో సినిమా పనులు మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలుతున్నాయని విని, భార్య పుష్పకుమారిని వెంటబెట్టుకుని వచ్చేశాడు. ఫిల్మ్‌నగర్ గుట్ట వాలులో రేకుల ఇల్లు వేసుకున్నాడు. పైన చదును చేసిన స్థలాలు సినిమా పెద్దలవి. కింద బండల మధ్య సందుల్లో లైట్లు మోసేవాళ్లు, గరిటెలు తిప్పేవాళ్లు, గుంపులో నిలబడేవాళ్లు. ఆ గుంపుల్ని సరఫరా చేసే ఏజెంటు చలపతిరావు మరియదాసు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నిన్ను రైతుగా నిలబెడితే పాపం తగుల్తుందయ్యా. ఖాకీ తొడుక్కో" అన్నాడు.

తొడుక్కున్నాడు. అప్పుడే తెలిసింది ఆ బట్టలో ఏముందో. షూటింగు మధ్యలో బీడీలకని రోడ్డు మీదికి వెళ్తే కొట్టువాడు లేచి నిలబడేవాడు. కల్లు తాగి తూలుతున్నవాడు తూలడం మానేసేవాడు. ఆటోవాళ్లు బండి పక్కకు తీసేవాళ్లు. అది అద్దె బట్టని, సాయంత్రానికి పెట్టెలోకి పోతుందని చెప్పాల్సిన పని లేదుగా అనుకునేవాడు మరియదాసు. కాస్ట్యూమర్ కేకలేసేదాకా విప్పేవాడు కాదు. ఆ సంగతి పుష్పకుమారికి కూడా చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప ముచ్చట కాదని లోపల తెలుసు.

ఎనభై ఎనిమిదిలో, ఎండలు ముదరకముందు, జూబ్లీహిల్స్ బండల అవతల కట్టిన ఒక ప్రైవేటు కాలేజీలో షూటింగు పడింది. మైదానంలో పోలీసు కవాతు సీను. మరియదాసుతో కలిపి ఇరవై ముప్పై మంది ఖాకీలు తొడుక్కుని, చెట్టు కింద విస్తరాకుల్లో ఉప్మా తింటున్నారు. కాలేజీలో అప్పటికే గొడవగా ఉంది. హాస్టల్‌కు నీళ్ల ట్యాంకర్లు సరిగ్గా రావడం లేదు. వచ్చిన నీళ్లు తాగి పిల్లలకు పచ్చకామెర్లు పట్టుకున్నాయి. ఇదేంటని ప్రిన్సిపాల్‌ని నిలదీసిన కుర్రాణ్ని కాలేజీ నుంచి తీసేశారు. వాణ్ని మళ్లీ చేర్చుకోవాలని పిల్లలు ఆఫీసు వరండా ముందు బైఠాయించారు.

ఉప్మా తింటుండగానే ప్రిన్సిపాల్ సత్యనారాయణమూర్తి ఒక ఎస్సైని వెంటబెట్టుకుని మైదానంలోకి వచ్చాడు. ఎస్సై వెంట వచ్చిన వ్యానులో నలుగురైదుగురు పోలీసులకు మించి లేరు. మిగతావాళ్లు ఎవరో మంత్రి బందోబస్తుకు పోయారట. ఎస్సై ఆ ఖాకీల వరసను చూసి ఆగిపోయాడు. చూస్తూనే ముఖంలో నవ్వొచ్చింది.

"మీవాళ్లను ఓ అరగంట ఇయ్యండి. ఊరికే మా వెనక నిలబడితే చాలు. మంది కనిపిస్తే పోరగాండ్లు వాళ్లే లేచిపోతరు" అన్నాడు చలపతిరావుతో.

చలపతిరావు నసిగాడు. "ఏమైనా జరిగితే అండీ..."

"ఏం జరగదండీ" అన్నాడు ప్రిన్సిపాల్. "ఈ గొడవ తేలకపోతే మాత్రం రేపట్నుంచి మీ షూటింగు జరగదు."

చలపతిరావు చప్పట్లు కొట్టి లేవమన్నాడు. లేచారు. ఏం సీను, ఎందుకు, ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు లేదు. కాశీవిశ్వనాథం అనే పెద్దాయన ఒక్కడు మాత్రం కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "నాకు మోకాళ్ల నొప్పులు బాబూ, నావల్ల కాదు" అన్నాడు. సరే పొమ్మన్నారు. ఆయన తన ఉప్మా తాను తిన్నాడు.

సినిమా లాఠీలు స్పంజి పెట్టి చుట్టినవి. ఎస్సై ఒకటి పట్టుకుని నొక్కి చూసి అవతల పారేశాడు. వ్యానులోంచి అసలు లాఠీలు తెప్పించి, ఉన్నమేరకు పంచాడు. మరియదాసు చేతిలో తనే స్వయంగా ఒకటి పెట్టాడు.

"నువ్వు ముందల నిలబడు. నువ్వే అసలు పోలీసోని లెక్క ఉన్నవ్."

నూనె పట్టిన కర్ర. బరువుగా ఉంది. అది దేనికో మరియదాసుకు తెలియకపోలేదు. తెలిసే పట్టుకున్నాడు.

వరండా మెట్ల మీద పిల్లలు చప్పట్లు కొడుతూ పాట పాడుతున్నారు. ఖాకీల వరసను చూసి పాట సన్నగిల్లింది. వెనక కూర్చున్నవాళ్లు కొందరు లేచి పుస్తకాలు సర్దుకున్నారు కూడా. ఇంకో నాలుగు నిమిషాలు ఓపిక పడితే మిగతావాళ్లూ లేచేవాళ్లేమో. అంతలో ఎక్కడి నుంచో ఒక చెప్పు వచ్చి ఎస్సై బూటు దగ్గర పడింది.

"కొట్టండ్రా!" అన్నాడు ఎస్సై.

మరియదాసు కాళ్లు పరిగెత్తాయి. సెట్లో డైరెక్టరు యాక్షన్ అనగానే పరిగెత్తడం అలవాటైన కాళ్లు కదా, వాటంతటవే పోయాయని తరవాత చాలాకాలం తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజం కాదు. పరిగెత్తినంతవరకు కాళ్ల పనే కావచ్చు. కానీ మెట్ల మీద ఒక కుర్రాడు పారిపోకుండా అతని ఎదురుగా నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి, చారల చొక్కా. రెండు చేతులూ జోడించి, "లేస్తున్న సార్, పోతున్న సార్, కొట్టకు సార్" అన్నాడు.

మరియదాసును జన్మలో ఎవరూ సార్ అని బతిమాలలేదు. ఆ మాట చెవిన పడగానే గుండెల్లో ఏదో ఉప్పొంగింది. జోడించిన చేతుల మీదే కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కుర్రాడు కింద పడ్డాడు. పడినవాడి వీపు మీద మళ్లీ కొట్టాడు.

మొదటి దెబ్బ ఎస్సై కొట్టమన్నది. రెండోది ఎవరూ కొట్టమనలేదు.

కాసేపటికి అంతా అయిపోయింది. మెట్ల నిండా చెప్పులు, పుస్తకాలు. ఎస్సై వచ్చి మరియదాసు భుజం తట్టి, "డిపార్ట్‌మెంట్ల ఉండాల్సినోనివి" అన్నాడు. మరియదాసు "ఎస్ సార్" అన్నాడు. మధ్యాహ్నం మైదానంలో కవాతు సీను కూడా తీశారు.

ఇంటికి వెళ్లేసరికి పుష్పకుమారి కంచంలో అన్నం పెట్టి పక్కనే కూర్చుంది. ఆ కాలేజీ హాస్టల్లో వంటచేసే అమ్మాజీ వాళ్ల వీధిదే.

"విన్నావా? పొద్దున కాలేజీలో పిల్లల్ని పోలీసోళ్లు గొడ్లను బాదినట్టు బాదారంట. ఒకబ్బాయికి చెయ్యి విరిగిందంట. ఏ తల్లి కన్నబిడ్డో! ఆ కొట్టినోడి చేతులు పడిపోను" అంది.

మరియదాసు ముద్ద కలుపుకుని తిన్నాడు. ఆ చేత్తోనే తిన్నాడు. మజ్జిగ పొయ్యమంటే పోసింది.

రెండోనాడు పేపర్లో వచ్చింది. పోలీసులు బలప్రయోగం చెయ్యలేదట. విద్యార్థులే తోపులాటలో మెట్ల మీద నుంచి పడ్డారట. ప్రిన్సిపాల్ కూడా అదే చెప్పాడు. జూనియర్ ఆర్టిస్టుల ఊసే లేదు. చదివి వినిపించినవాడు పక్కింటి మనిషి, ఆ రోజు అదే వరసలో నిలబడినవాడు. వాడు నవ్వి, "మనం గట్టెక్కామోయ్ దాసూ. నీ దెబ్బ మాత్రం భలే పడింది" అన్నాడు. పుష్పకుమారి గుమ్మంలో నిలబడి ఉంది.

వాడు వెళ్లాక ఆమె అరవలేదు. ఏడవలేదు. "ఆ పిల్లాడి పేరేంటో తెలుసా నీకు?" అంది.

"తెలీదు."

"చేతులు పడిపోవాలని నా నోటితో అన్నాను. కూర్చుని అన్నం తిన్నావు."

పుష్పకుమారి అమ్మాజీని అడిగి ఆ కుర్రాడి వివరం కనుక్కుని వచ్చింది. వెంకటనర్సయ్య. ఇల్లు బోరబండలో. "వెళ్లి చెప్పుకుని రా. ఏమంటే అది పడు" అంది.

ఆదివారం చర్చి మానేసి వెళ్లాడు. బోరబండ గుట్ట మీద, రైలు పట్టాలు కనిపించేచోట ఒకే గది ఇల్లు. నర్సయ్య చేతికి సిమెంటుకట్టు వేసుకుని మంచం మీద ఉన్నాడు. మరియదాసు గుమ్మంలో నిలబడగానే గదిలో వెలుతురు తగ్గింది. కుర్రాడు తలెత్తి చూశాడు. చూడగానే కట్టున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని మంచం మీద నుంచి దిగి నిలబడబోయాడు. వచ్చినవాడెవరో వాళ్లమ్మకు అర్థమైపోయింది. పొయ్యి దగ్గర నుంచి ఉరికి వచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ కొంగుతో తుడిచి వేసింది.

"కూసోండి సారు. మా పోరడు ఇగ కాలేజీకే పోడు సారు. ఏ లొల్లిల ఉండడు. కేసు గిట్ల పెట్టకుండ్రి, మీ కాల్మొక్త."

మరియదాసు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో తరవాత ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు. కూర్చోమన్నారు, కూర్చున్నాడు. ఆమె నిజంగానే కాళ్ల మీదికి వంగుతుంటే అప్పుడు చెప్పాడు.

"నేను పోలీసును కాదమ్మా. సినిమావాణ్ని. వేషంలో ఉన్నాను. రమ్మంటే వెళ్లాను. తప్పు జరిగిపోయింది. క్షమించమని అడగడానికి వచ్చాను."

నర్సయ్యకు మొదట అర్థం కాలేదు. "పోలీసు కాదా?" అన్నాడు.

"కాదు బాబూ."

కుర్రాడి ముఖం మాడిపోయింది. కోపం వస్తుందనుకున్నాడు మరియదాసు. వచ్చింది కోపం కాదు.

"వరండ పక్కకు పొట్టి గోడ ఉండె. దుంకి ఉరుకుదామనుకున్న. నా పక్కనోళ్లంత దుంకిన్రు. పోలీసాయన ఎదురుంగ ఉన్నడు, ఉరికితే ఇంకింత తప్పయితదని నేనొక్కన్నే ఆగిన. సార్ సార్ అని దండం పెట్టిన." కట్టున్న చెయ్యి వైపు చూసుకున్నాడు. "గీ ముచ్చట ఎవ్వరికీ చెప్పకే అన్నా. వేషగానికి మొక్కిండని నవ్వుతరు నన్ను."

తల్లి అప్పటిదాకా వంగినట్టే ఉంది. నిదానంగా నడుం ఎత్తింది.

"లెవ్వు" అంది. "కుర్సీల కెల్లి లెవ్వు."

మరియదాసు లేచాడు. చేతిసంచిలో బత్తాయిలు తెచ్చాడు. అవి ఎక్కడ పెట్టాలో తెలియక, పట్టుకునే గుట్ట దిగాడు.

విద్యార్థి సంఘాలు ఊరుకోకపోవడంతో ప్రభుత్వం ఒక అధికారిని విచారణకు వేసింది. చలపతిరావు బస్తీకి వచ్చి, ఎవరూ నోరెత్తొద్దని అందరికీ చెప్పి వెళ్లాడు. మరియదాసు అటూ ఇటూ కొట్టుకున్నాడు. చెబితే ఆ పిల్లాడి పరువు పోతుంది. చెప్పకపోతే పేపర్లో రాసిందే నిజమైపోతుంది. చివరికి ఎవరితోనూ చెప్పకుండా వెళ్లి, నర్సయ్య పేరెత్తకుండా జరిగింది చెప్పాడు. ఒక కుర్రాణ్ని కొట్టానన్నాడు. రెండుసార్లు కొట్టానన్నాడు.

"నిన్ను బలవంతంగా తీసుకెళ్లారా?" అని అడిగాడు ఆ అధికారి.

"లేదండి."

"మరి ఎందుకెళ్లావు?"

"వెళ్లమన్నారండి."

"వెళ్లనన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఒకాయన మోకాళ్ల నొప్పులని కూర్చుండిపోయాడండి."

"ఆయన్నేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండి."

అధికారి కలం మూతపెట్టి, బయటికి పొమ్మని తల ఊపాడు. బండబూతులు తిట్టినా అంతగా తల కొట్టేసినట్టయ్యేది కాదు మరియదాసుకు.

ఆ విచారణ నివేదిక ఏమైందో ఎవరికీ తెలియదు. ఎస్సై వేరే స్టేషనుకు మారాడు. ప్రిన్సిపాల్ ప్రిన్సిపాల్‌గానే ఉన్నాడు. హాస్టల్‌కు ట్యాంకర్లు మాత్రం వేళకు రావడం మొదలైంది. తీసేసిన కుర్రాణ్ని చేర్చుకోలేదు. చలపతిరావు మళ్లీ మరియదాసును పిలవలేదు. వేరే ఏజెంట్లు పిలిచి ఖాకీ చేతికిస్తే, గుంపులో కూలివాడిగా అయితే నిలబడతానన్నాడు. ఆ ఒడ్డూ పొడుగూ ఉన్నవాణ్ని కూలివాడిగా ఎవరు పెట్టుకుంటారు? ప్రొడక్షన్ వంటల్లో డేగిసాలు దించే పనికి కుదిరాడు. వంగి, బరువెత్తి, నిప్పుల దగ్గర చేసే పని. పుష్పకుమారి అతనితో మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. మాట్లాడాక కూడా ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే బాగుండునని అతనికి అనిపించేది.

తొంభై ఆరులోనో ఏడులోనో ఒక సాయంత్రం, మోతీనగర్ దగ్గర బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు మరియదాసు. జుట్టు నెరిసింది. మీసం తీసేశాడు. రెండు వరసల ముందు ఒకతను చిన్నపిల్లను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. పిల్లను ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేత్తో కండక్టరు దగ్గర టికెట్టు అందుకోబోతే మోచెయ్యి పూర్తిగా సాగలేదు. ఒళ్లంతా పక్కకు తిప్పి అందుకున్నాడు. తిరిగినప్పుడు ముఖం కనిపించింది. నర్సయ్య.

వెంకటనర్సయ్య ఇటు చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు. మామూలుగా, బస్సులో ఎవరినైనా చూసినట్టే చూసి, పిల్ల ఏదో అడిగితే దానికి జవాబు చెప్పాడు. లేచి వెళ్లి, చెయ్యి ఎలా ఉంది బాబూ అని అడగాలనుకున్నాడు మరియదాసు. ఎలా ఉందో కళ్లముందే ఉంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నర్సయ్య పిల్లను దించుకుని, దాని వేలు పట్టుకుని దిగిపోయేదాకా బయటికే చూస్తూ ఉన్నాడు.