ప్రార్థన మెసేజ్

మా ఇంట్లో అమ్మను అవ్వ అని పిలుస్తాం. బోధన్ దగ్గర చెరకు తోటల మధ్య ఉన్న మా ఊళ్లో, ప్రతి శుక్రవారం ఎవరో ఒకరి ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన కూడిక జరిగేది. పాటలయ్యాక ఎవరి కష్టం వాళ్లు చెప్పుకునేవాళ్లు. కొడుకు తాగుతున్నాడనీ, కడుపు నిలవడం లేదనీ నలుగురిలో చెప్పి ఏడవడం మాకు సిగ్గుపడే సంగతి కాదు. దాచుకుంటేనే తప్పుగా చూసేవాళ్లు.

ఆ మాటలు గడప దాటేవి కావని అనను. దాటేవి, కాకపోతే కాలినడకన వెళ్లేవి. చెరకు నరికే చోట ఒకరికి, బోరింగు దగ్గర ఇంకొకరికి. ఎవరి చెవిన పడకూడదో మోసేవాళ్లకు తెలిసేది.

సెల్‌ఫోన్లు ఇంటింటికీ వస్తున్న రోజులవి. అక్కను బాల్కొండ వైపు ఇచ్చాం. బావ దుబాయ్‌లో కూలిపని చేసేవాడు. అక్కకు రొమ్ములో గడ్డ కనిపించింది. నిజామాబాద్‌లో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ సంగతి చెప్పడానికే ఇంటికి వచ్చి, నా ముందే అవ్వ చేతులు పట్టుకుంది.

"ఎవ్వరికి చెప్పకు అవ్వా. ఆయన ఆడ ఒక్కడే ఉన్నడు, తెలిస్తే ఆగమైతడు. రిపోర్టు వచ్చినంక నేనే మెల్లగ చెప్త."

అవ్వ సరేనంది. కానీ అంత భయాన్ని ఒక్కతే మోయడం ఆమెకు చేతకాలేదు. శుక్రవారం కూడికలో నోరు విప్పింది.

"నా పెద్దబిడ్డకు రొమ్ముల గడ్డ లేసింది. జెర ప్రార్థన చెయ్యుండ్రి."

అందరూ ఏడ్చారు. ఆ వారం కూడిక జరిగిన ఇంటి కోడలు చదువుకున్న పిల్ల, మంచి మనసున్నది. అదే నా బాధ. చెడ్డదైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆమె అక్కడే కూర్చుని, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మెసేజ్ కొట్టి, తెలిసిన విశ్వాసులందరికీ పంపింది. అందరూ ఇంకొందరికి పంపాలని కూడా రాసింది. అక్క పేరు, అత్తగారి ఊరు పెట్టింది, దేవుడికి చిరునామా కావాల్సినట్టు.

పొద్దుగూకేలోగా అది మా పక్కనున్న రుద్రూర్ దాటింది. దారిలో ఎక్కడో గడ్డ కాస్తా క్యాన్సర్ అయింది. మర్నాడు అక్క ఫోనుకే వచ్చింది, ఈ సహోదరి కోసం ప్రార్థించండి అని. అది చదువుతుండగానే దుబాయ్ నుంచి ఫోన్ మోగింది.

"ఊరంత తెలిసినంక నాకు తెల్వాల్నా?" అన్నాడు బావ. ఫోన్ పెట్టేశాడు.

రిపోర్టు మంచిదే వచ్చింది. మామూలు గడ్డేనట. దేవునికి స్తోత్రం అంటూ ఆ కోడలు ఇంకో మెసేజ్ పంపింది. అదెందుకో రుద్రూర్ కూడా దాటలేదు. ఇందల్వాయిలో ఒక పెళ్లికి పోతే ముఖం తెలియని ఆడవాళ్లు కూడా అక్క ఛాతీ వైపు చూసి గుసగుసలాడారు. అత్తగారు ఆమె నీళ్ల గ్లాసు వేరు పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయేది. అవ్వకు మాత్రం తను చేసిందేమిటో అర్థమయ్యేది కాదు.

"ప్రార్థనే కదనే అడిగిన?" అనేది నాతో.

కొన్నేళ్లకు అక్కకు మళ్లీ గడ్డ లేచింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. బావకూ చెప్పలేదు, డాక్టరుకూ చూపించుకోలేదు. మాకు తెలిసేసరికి అది చంక కిందికి పాకింది. హైదరాబాద్ ఆసుపత్రిలో డాక్టరు ఆలస్యమైందన్నాడు.

అవ్వ అక్క మంచం పక్కన కూలబడింది. "నాకన్న చెప్పకపోతివి బిడ్డా" అని ఏడ్చింది.

అక్క ఆమె తల నిమిరింది. గొంతులో కోపం ఏమాత్రం లేదు.

"చెప్తే నువ్వు ప్రార్థన చేయమంటవు అవ్వా."