అత్తమ్మ గొయ్యి, నా ఫినాయిలు

మా అత్తమ్మ పోయిన మంగళవారం పొద్దున నేరేడ్‌మెట్ ఇంట్లోనే కన్నుమూసింది. ముందురోజు సాయంత్రం కూడా పేడ కలిపే మనిషిని, "నీళ్లు జెర తక్కువ పొయ్యి" అని మంచం మీది నుంచే కేకలేసింది. "మీరు" అని పిలిస్తే, "నేనేం ఆఫీసరునా?" అని కోప్పడేది. అందుకే ఇక్కడా ఆ మన్ననలు లేకుండానే రాస్తున్నాను.

నేను బందరు నుంచి కోడలిగా వచ్చేటప్పటికే ఆ పెరట్లో ఐదు బర్రెలు, వాటి వెనక గోబర్ గ్యాసు గొయ్యి ఉండేవి. పేడ, నీళ్లు కలిపి తొట్టిలో పోస్తే గొయ్యిలో పులిసి గ్యాసు పుట్టేది. గ్యాసు నిండేకొద్దీ పైనున్న ఇనుప డ్రమ్ము లేచేది. బయటికొచ్చిన చిక్కటి నీళ్లు గడ్డి మడికి, ఆ గడ్డి మళ్లీ బర్రెలకు. "మన ఇంట్ల పారేసేది ఏం లేదు బిడ్డా" అనేది. పొద్దున లేవగానే ముందు డ్రమ్ము చూసేది, తర్వాతే మనుషుల మొహాలు. నాకు మాత్రం ఒళ్లు జలదరించేది. పేడ గ్యాసు మీద కాఫీ ఏమిటి, నా ఖర్మ కాకపోతే!

మెదక్ జిల్లాలోని ఆమె పుట్టినూళ్లో ఆడవాళ్లు కట్టెల కోసం పొద్దంతా తిరిగేవాళ్లు. అక్కడా ఇలాంటి గోతులు తవ్వించాలని ఆమె పట్టుదల. ఎన్నాళ్లో బతిమాలితే, ఆ ఊరివాళ్లు చూసిపోవడానికి వస్తామన్నారు. చుట్టాల ముందు కంపు కొడితే పరువు పోతుందని, నాలుగు రోజుల ముందు నుంచే నేను కొట్టమంతా ఫినాయిలు పోసి కడిగాను. ఆ నీళ్లన్నీ నేరుగా తొట్టిలోకి పోయాయి.

వాళ్లొచ్చిన రోజు డ్రమ్ము అడుక్కి దిగి కూర్చుంది. పొయ్యి వెలగలేదు. అత్తమ్మ వంగి తొట్టి వాసన చూసి, ఒక్కసారి నావైపు తిరిగింది.

"ఏందక్కా, గిదేనా నీ గ్యాసు?" అన్నాడు అత్తమ్మ తమ్ముడు.

"తప్పు నాదేరా. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు అండ్ల పోనిచ్చిన. పేడను పులియబెట్టే పురుగులన్నీ సచ్చినయ్."

"నీకే సమజ్ కాకుంటే మాకేం సమజైతది?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కొత్త కోడలు పదిమందిలో పలుచన కాకూడదని అత్తమ్మ అనుకుంది. ఇంట్లోనైనా తిట్టి ఉంటే బాగుండేది. "పేడ ఎత్తు" అంది, అంతే. చెడిన పేడ సగం తోడేశాం. తిరుమలగిరిలో నడుస్తున్న ఇంకో గొయ్యి నుంచి పాలకు తోడేసినట్టు వేయడానికి బకెట్లతో పులిసిన పేడ తెచ్చాం. ఆటోవాడు ఎక్కించుకోనని ఒకటే రభస. మోచేతుల దాకా ముంచి కలిపాను. కొన్ని వారాలకు డ్రమ్ము కాస్త కదిలితే ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం.

ఆ ఆదివారం ఆమె ఊరికి బయల్దేరుతుంటే నేనూ వెంటపడ్డాను. వాళ్ల తమ్ముడింటి అరుగు మీద అందరూ ఉండగా చెప్పాను: "ఫినాయిలు పోసింది నేను. అత్తమ్మ నింద తనమీద వేసుకుంది. ఇప్పుడు మళ్లీ గ్యాసు వస్తోంది, నేనే వండుతున్నాను." సిగ్గుతో తలెత్తలేకపోయాను.

తమ్ముడి భార్య లేచింది. "వదినె, మా ఇంట్ల తొవ్వుదాం. జాగ చూపియ్యి."

అత్తమ్మ కళ్లు తుడుచుకుని, పెరట్లో మేకు పాతి, దానికి తాడు కట్టి, రెండో కొస నా చేతికిచ్చింది. నేను తాడు బిగపట్టి చుట్టూ తిరుగుతుంటే, వెనకాలే వంగి ముగ్గు పోస్తూ వచ్చింది. గుండ్రం పూర్తయ్యేసరికి ఆమె పాదాలు, నా పాదాలు ఒక్కలాగే తెల్లబడి ఉన్నాయి.