సబ్బవరం దారిలో చల్లటి గుండ్రం

కొత్తగా పరిచిన తారు ఎంతసేపట్లో చల్లారుతుందో ముందే చెప్పడం నా ఉద్యోగం. పరిచిన మందం, కింద నేల వేడి, గాలి జోరు ఫోన్‌లో కొడితే, రోలర్‌కి ఎంత వ్యవధి ఉందో లెక్క తేలుతుంది. ఆలోగా తొక్కించెయ్యాలి. చల్లారాక తారు బిగుసుకుపోయి అణగదు, మొదటి వానకే గుంతలు పడతాయి. మా అక్క మాత్రం, "అన్నం సల్లారిందో నేదో సూడ్డానికి కూడా జీతమిస్తార్రా?" అని ఇప్పటికీ ఏడిపిస్తుంది.

మా సైట్లో రోలర్ నడిపేది అక్క మొగుడే, మా బావ. ఆ పనిలో పెట్టించింది నేనే. ఈ సంగతి జరిగేనాటికి అక్కకి బాబు పుట్టి వారం కూడా కాలేదు. ఇరవయ్యొకటో రోజున బాలింత చేత నూతిలో చేద వేయించాలి కదా, గాజువాకలో నుయ్యి ఎక్కడుందో కనుక్కోమని అమ్మ రోజూ నా ప్రాణం తీస్తోంది. ఫ్లాట్ల మధ్య నుయ్యి ఎక్కణ్ణుంచి తేను?

సబ్బవరం దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నాం. పక్క పొలాల నేల కొంత రోడ్డులో కలిసింది. తారు వేసే ముందురోజు మధ్యాహ్నం, అణిచి ఉంచిన కంకర మీదికి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. మధ్యలో ఒక బాలింత, చెవుల్లో దూది, నెత్తిన ముసుగు. ఒకచోట ఆగి, కంకరకి పసుపు రాసి, బొట్లు పెట్టి, చెంబుతో నీళ్లు వదిలారు. తర్వాత ఆ బాలింత ముందుకి వంగి, రెండు చేతులతో దేన్నో కింద నుంచి పైకి లాగినట్టు లాగింది. చేతుల్లో ఏమీ లేదు. పక్కనున్నవాళ్లెవరూ నవ్వలేదు.

"రోడ్డుకి దిష్టి తీస్తన్నారేమోలే బావా," అన్నాడు మా బావ. ఆడవాళ్ల పూజలో మనమెందుకని నేనూ ఊరుకున్నాను.

మర్నాడు మంచు విడకముందే టిప్పర్లు దిగాయి. పేవర్ పొగలు కక్కుతూ తారు పరుచుకుంటూ పోతోంది. వెనకాలే థర్మామీటర్ గన్ పట్టుకుని నేను. అంతా లెక్క ప్రకారమే చల్లారుతోంది. ఒక్కచోట మాత్రం అంకె దబ్బున పడిపోయింది. అడుగు పక్కకి వేస్తే మళ్లీ వేడి. గన్ చెడిందేమోనని ఇంకొకటి తెప్పించాను. అదీ అదే చెప్పింది. చుట్టూ తిరిగి కొలిచాను. ఆ చల్లదనం గుండ్రంగా ఉంది, ఎవరో ముగ్గు గీసినట్టు. మిగతా రోడ్డు మీద పొగ ఆగిపోయినా, ఆ గుండ్రంలోంచి సన్నటి ఆవిరి లేస్తూనే ఉంది.

నిన్న పూజ చేసిన చోటది.

చెంబెడు నీళ్లు పోసి నా తారు పాడుచేశారని ముందు మండిపోయాను. కానీ ఆ నీళ్లు నిన్నటి ఎండకే ఆరిపోయుండాలి. ఈ తడి కింద నుంచి వస్తోంది.

"ఏటి సేత్తన్నావ్ బావా? సల్లారిపోతంది, తొక్కీమంటావా?" రోలర్ మీంచి కేకేశాడు బావ, కదుల్తూనే. ఫోన్‌లో లెక్క కూడా అదే చెబుతోంది. ఇప్పుడు తొక్కించకపోతే ఇక పనికిరాదు. రమ్మనే మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆ బాలింత ఖాళీ చేతులు కళ్లముందు కదిలాయి. ఆమె లాగింది తాడు. నూతిలోంచి చేద.

"ఎనక్కి తియ్ బావా! ఎనక్కి!"

"పిచ్చెక్కిందేటి నీకు?" అంటూనే వెనక్కి తీశాడు. అప్పటికే ముందు చక్రం గుండ్రం అంచుని తాకింది. ఆ బరువుకి నడిమిన సొట్ట పడింది. సొట్ట చూస్తుండగానే గుంతయింది. నల్లటి ముద్దలు లోపలికి జారాయి. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎక్కడో కింద నీళ్లు చుయ్యిమన్నాయి. గుంతలోంచి చల్లగాలి వచ్చి నా మొహానికి కొట్టింది.

బావ దిగి కంకర మీద కూలబడ్డాడు. "నాను బాబుని ఇంకా సరిగ్గా ఎత్తుకోనేదు బావా," అన్నాడు.

అరుపులకి, పూజకొచ్చిన నలుగురిలో ఒకావిడ, ఆ బాలింత అత్తట, పరుగెత్తుకొచ్చింది. "రోడ్డుకని నుయ్యి మూసీమంటే రాతి పలకలేసి, మట్టి కప్పీసినాం బాబూ. నీళ్లున్న నుయ్యిని పూడిస్తే పాపం కాదేటి? మా ఇంటి బాలింతలందరూ దీన్నోనే సేదేసినారు," అంది. తిట్టబోయాను, కానీ ఆ పూజ లేకపోతే బావ లేడు.

పై నుంచి అనుమతులు వచ్చేదాకా పని ఆగింది. ఈలోగా అక్క ఇరవయ్యొకటో రోజు వచ్చింది. బావ ఆమెని అక్కడికే తీసుకొచ్చాడు. గుంతని శుభ్రం చేసి, చుట్టూ రేకులు కట్టి ఉంచాం. అక్క పసుపు రాసి, చేద వేసి, నిజం తాడుతో నిజం నీళ్లు తోడింది. బాబుని ఎత్తుకుని బావ కాస్త దూరంగా నిలబడ్డాడు.

తర్వాత ఆ నుయ్యిని అడుగంటా పూడ్చేశారు. దాని మీద తారు తొక్కించింది బావే. నేను గన్ పెట్టి చూస్తూ నిలబడ్డాను. లెక్క చెప్పినంతసేపే పట్టింది, మిగతా రోడ్డులాగే. ఎక్కడా చల్లటి గుండ్రం లేదు. బావని మింగకుండా వదిలిపెట్టినదాన్ని మేమే చంపేశామనిపించి ఏడుపొచ్చింది.

"ఏటి బావా, లెక్క సరిపోనేదా?" అని రోలర్ మీంచి అడిగాడు.

సరిపోయిందన్నాను.