మూడు అభ్యంతరాల ఫాదర్

పొద్దున లేచింది మొదలు తనతో తానే వాదించుకునే మనిషి సాయంత్రానికి గెలిచినట్టా, ఓడినట్టా? పద్దెనిమిదేళ్లు ఆయన పక్కగదిలో, లైబ్రరీలో, పుస్తకాలు సర్దాను. ఇప్పటికీ నాకు తెలియదు.

మా సెమినరీలో కాబోయే ఫాదర్లకు దైవశాస్త్రం చెప్పే పెద్ద ఫాదర్‌ది ఒకే ఒక అలవాటు. ఏ మాటకైనా ముందు మూడు అభ్యంతరాలు చెప్పాలి, ఆ తర్వాతే జవాబు. పూర్వపు పండితులు గ్రంథాలు అలాగే రాశారట. వాళ్లు గ్రంథాల్లో రాసి ఊరుకున్నారు. ఈయన భోజనాల బల్ల దగ్గర కూడా వదల్లేదు.

"ఫాదర్, సూపులో ఉప్పు సరిపోయిందా?" అని వంటావిడ అడిగేది.

"సరిపోయిందనే అనిపిస్తోందమ్మా. అయితే మూడు అభ్యంతరాలు. ఒకటి, ఇంత వేడి మీద నాలుకకు రుచి తెలియదు. రెండు, ఆకలి మీద ఉన్నవాడి సాక్ష్యం చెల్లదు. మూడు..."

"మూడోది రేపు చెబుదురుగానీ, ముందు తాగండి. అదక్కడ చల్లారి చచ్చింది."

వాన చినుకులు మొదలైతే గొడుగు చేత్తో పట్టుకుని గడపలో నిలబడి, ఇది వానే అనడానికి అభ్యంతరాలు లెక్కపెట్టేవారు. మూడోది తేలేసరికి తడిసి ముద్దయ్యేవారు. ఆయన రెండింటితో సరిపెట్టుకున్న చోటు నాకు తెలిసి క్షౌరశాల ఒక్కటే. "అభ్యంతరం చెప్పేటప్పుడు తల ఊపకండి ఫాదర్, చెవి పోతుంది" అని మంగలి మొహం మీదే చెప్పాడు.

మందుల షాపాయన ఒకడుండేవాడు. దేవుడు లేడని వీధి వీధినా చాటేవాడు. ఒకరోజు చొక్కా చేతులు మడుచుకుని వాదనకు వచ్చాడు. పెద్ద ఫాదర్ ఓపికగా అంతా విని, "మీ పక్షాన్ని మీరు సరిగా చెప్పుకోవడం లేదండీ. ఇలా చెప్పాలి" అని అరగంట సేపు దేవుడు లేడని వాదించారు. షాపాయనకు చెమటలు పట్టాయి.

"మరి... దీనికి జవాబు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఉంది. రేపు రండి. ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పలేనివాడికి జవాబు చెప్పే హక్కు లేదు. ఈరోజుకి మీ మాటే."

పాపం, ఆ రాత్రి నిద్రపట్టలేదని నాతో చెప్పుకున్నాడు. "అంత గట్టిగా నేనెప్పుడూ నమ్మలేదండీ!" అని.

ఇదంతా విని మనిషి మెత్తన అనుకునేరు. అచ్చం పాతకాలపు మనిషి. ప్రార్థనలో ఒక్క అక్షరం మారినా ఒప్పుకోరు. నల్ల అంగీకి ముప్పై మూడు గుండీలు, అన్నీ పెట్టుకుంటేనే గది దాటేది. మా విద్యార్థులు చదివే పాఠ్యపుస్తకం కూడా ఆయన రాసిందే. అందులో నూట పన్నెండో పేజీలో, తల మీద నీళ్లు పోసి ఇచ్చే జ్ఞానస్నానం అందకుండా పోయిన బిడ్డను దీవించిన నేలలో పాతిపెట్టరాదని స్పష్టంగా ఉంది.

ఒక ఉదయం వంటావిడ కూతురికి కొడుకు పుట్టాడు. జ్ఞానస్నానానికి ఎవరో నీళ్లు తెచ్చేలోపే పోయాడు.

వంటావిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ లైబ్రరీకి వచ్చింది. "అన్నయ్యా, బిడ్డను వాళ్ల తాత సమాధి పక్కన పడుకోబెట్టమంటోంది నా కూతురు. సమాధుల తోట గోడ బయటే పెట్టాలంటున్నారు అందరూ. పుస్తకంలో ఏముందో చదివి పెట్టవా?"

చదివాను.

"రాసింది మన ఫాదరేనా?"

"ఆయనేనమ్మా."

ఆవిడ కాసేపు ఆ పేజీ వంకే చూసింది. "ఇన్నేళ్లూ ఆయనకేనా నేను సూపు పోసింది!" అని వెళ్లిపోయింది.

పదిగంటలకు పెద్ద ఫాదర్, నేను సెమినరీని నడిపే రెక్టర్ ఫాదర్ గదిలో కూర్చున్నాం. వంటావిడ టీ ట్రే పట్టుకుని లోపలికి రాకుండా, బయటికి పోకుండా తలుపు దగ్గరే ఆగిపోయింది. రెక్టర్ ఫాదర్ కలం మూత తీశారు. "నియమం తెలిసిందే కదా ఫాదర్. మీ మాట ఒకటి రాసుకుంటే సరిపోతుంది."

"నియమం సరైనదే అనిపిస్తుంది" అన్నారు పెద్ద ఫాదర్. వంటావిడ వెనక్కి తిరగబోయింది. "అయితే మూడు అభ్యంతరాలు."

రెక్టర్ ఫాదర్ కలం మూత మళ్లీ పెట్టేశారు.

"ఒకటి. జ్ఞానస్నానమప్పుడు పసివాడు మాట్లాడడు. విశ్వసిస్తున్నానని వాడి తరఫున ఇంకొకరు చెబుతారు, మనం ఒప్పుకుంటాం. ఇంకొకరి నోరు పనికొచ్చినప్పుడు, తల్లి మనసులోని కోరిక ఎందుకు పనికిరాదు? రెండు. ఏసు పుట్టినప్పుడు హేరోదు రాజు చంపించిన పసిబిడ్డలకు నీళ్లు పోసిందెవరు? వాళ్లను పునీతులంటున్నామే! మూడు. ఆ గోడ మొన్నామధ్య కూలితే, మేస్త్రీ ఆరడుగులు అవతలికి జరిపి కట్టాడు. నిన్నటిదాకా బయట ఉన్నవాళ్లు ఇవాళ లోపలున్నారు. మేస్త్రీ తాడును బట్టి పరలోకం జరుగుతుందా?"

"బాగుంది. ఇక వీటికి మీ జవాబు?" అన్నారు రెక్టర్ ఫాదర్.

"పుస్తకంలో ఉంది. పనికిరాదు."

"ఆ పుస్తకం రాసింది మీరే కదా!"

"రాసేటప్పుడు ముప్పై రెండేళ్లవాణ్ణి. గెలవడం తేలికవుతుందని అభ్యంతరాలను బలం లేకుండా రాశాను. అది మోసం. జవాబు మళ్లీ రాయాలి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"పదేళ్లు పట్టొచ్చు."

"అందాకా బిడ్డ ఆగుతాడా ఫాదర్?"

"ఆగడు. అందుకే, తేలని చోట బిడ్డ వైపే మొగ్గాలి. రాసుకోండి."

రెక్టర్ ఫాదర్ రాసుకున్నారు. తర్వాత ఏటా ఆ జవాబు సంగతి అడిగేవారు. "రెండో అభ్యంతరం దగ్గరే ఉన్నానండీ, చాలా గట్టిది" అని ఈయన తల గోక్కునేవారు. సందేహం ఉన్నన్నాళ్లూ ఏ పసివాణ్ణీ గోడ బయట పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం బిడ్డను తాత పక్కనే పడుకోబెట్టాం. పెద్ద ఫాదరే స్వయంగా ప్రార్థన చదివారు, ఒక్క అక్షరం మార్చకుండా. అయిపోయాక వంటావిడ ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఫాదర్, నిజం చెప్పండి. వాటికి జవాబు మీకు తెలియదా?"

ఆయన టోపీ పెట్టుకుని, అక్కడున్న ఎవరికీ వెళ్లొస్తానని కూడా చెప్పకుండా గేటు దాటారు. సెమినరీ కుడివైపు ఉంటే ఆయన ఎడమకు తిరిగారు. ఎప్పటెప్పటి పసిబిడ్డలవో చిన్న చిన్న మట్టిదిబ్బలు గోడ బయట ఆ వైపే ఉన్నాయి. గోడకు వీపు ఆనించి నిలబడి, అంగీ కాస్త పైకెత్తి పట్టుకుని, మడమకు బొటనవేలు తగిలేలా ఒక్కో అడుగూ కొలుచుకుంటూ ముందుకు సాగారు.

"గోడ ఎందాకా ఫాదర్?" అని సమాధులు తవ్వే మనిషి కేకేశాడు.

ఆయన వెనక్కి తిరగలేదు. చివరి దిబ్బ ఇంకా చాలా దూరంలో ఉంది.