అత్తగారు పట్టుకున్న చెక్క

మా అత్తగారు పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం కాఫీ తాగి, పెరట్లో రాలిన కొబ్బరిమట్టలు పక్కకి లాగుతూ కూలబడిపోయారట. నరసాపురం నుంచి మా బావమరిది ఫోన్ చేసేటప్పటికి నేను ఎవరిదో మిక్సీ విప్పి సోల్డరింగ్ చేస్తున్నాను. "బావగారూ, అమ్మ లేదండి" అని మాత్రం అన్నాడు. స్విచ్ కట్టేశాను. వంటింట్లో ఉన్న మా ఆవిడకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక కాసేపు నా పనిబల్ల దగ్గరే నిలబడిపోయాను. ఆ బల్ల ఉందంటే మా అత్తగారి వల్లే. అది ఎలా వచ్చిందో చెబితే ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

మాది రాజోలు. ఆవిడది గోదావరికి అవతల నరసాపురం. మధ్యలో సఖినేటిపల్లి రేవు, మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు. మా పెళ్ళయ్యాక చాలా ఏళ్ళ దాకా ఆవిడ నా ఎదుట కూర్చోగా నేను చూడలేదు. నేను వరండాలోకి వస్తే కుర్చీలోంచి లేచి తలుపు వారకి వెళ్ళిపోయేవారు. నాతో చెప్పవలసింది కూతురితో చెప్పేవారు. నేను విస్తరి ముందు కూర్చుని ఉన్నా, "ఆయన్ని ఇంకో గరిటె పులుసు వేసుకోమనవే" అనేవారు. "ఆయ్, చాలండి" అని నేను నేరుగా అన్నా, కూతురి వంకే చూసి తలూపేవారు. అల్లుడికి గౌరవం అలా ఇవ్వాలని ఆవిడ పుట్టింట్లో నేర్పారు. అది మార్చుకోవలసిన అవసరం మా ఇద్దరికీ అప్పట్లో కనబడలేదు.

నాకు రాజోలు సెంటర్లో టీవీలు, మిక్సీలు బాగుచేసే షాపు ఉండేది. స్పీకరు పెట్టెలు, టీవీ స్టాండ్లు కూడా నేనే చేసేవాణ్ణి కాబట్టి చెక్కపని సామానూ ఉండేది. ఒక వానాకాలం రావులపాలెం నుంచి స్పేరు పార్టులు తెచ్చుకుంటూ, అరటిగెలల లారీని తప్పించబోయి బండి మీంచి పడ్డాను. కుడి ముంజేతిలో నరం తెగింది. ఆపరేషన్ అయింది, కట్లు విప్పారు, వేళ్ళు మాత్రం దగ్గరకి రాలేదు. స్క్రూడ్రైవరు పెడితే జారిపోయేది. "కొంత వస్తుంది, మొత్తం రాదు" అన్నారు డాక్టరుగారు. షాపు ఖాళీ చేసి, సామానంతా గోతాల్లో కట్టించి, ఇంటి వెనక కొబ్బరికాయలు పోసుకునే గదిలో పడేయించాను. మా ఆవిడ టీచరు. ఆమె స్కూలుకి వెళ్ళాక గోడకేసి తిరిగి పడుకునేవాణ్ణి. ఎవరైనా పలకరిస్తే చిరాకు, పలకరించకపోతే ఇంకా చిరాకు.

అప్పుడు మా అత్తగారు వచ్చారు, నాలుగు రోజులు కూతురికి సాయంగా ఉండి వెళ్దామని.

ఒకరోజు ఆవిడ నా మంచానికి కాస్త ఎడంగా వచ్చి నిలబడ్డారు. మా ఆవిడ ఇంట్లో లేదు. నాతోనే మాట్లాడుతున్నారని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"బాబూ, ఆ గదిలో గోతాలకి చెమ్మ పట్టిందండి. ఇనప సామాను పాడైపోద్ది. ఏం చెయ్యమంటారు?"

"పారేయించండి" అన్నాను.

"ఆయ్" అని వెళ్ళిపోయారు.

ఏవో చప్పుళ్ళు వినబడుతుంటే మధ్యాహ్నం లేచి వెళ్ళి చూశాను. ఆవిడ చాప పరిచి, సామానంతా పొడుగు వారీగా పేర్చారు. ఉలి పక్కన సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు మీద చిత్రిక. ఒక్కోటీ గుడ్డతో తుడిచి కొబ్బరినూనె రాస్తున్నారు. నన్ను చూసి గబుక్కున లేచారు. చేతిలో మీటరు, దాని తీగలకి నూనె రాయబోతున్నారు.

"దానికి రాయకూడదండి. అది కరెంటు వస్తుందో లేదో చూసేది."

"అలాగా అండీ. మరి దీన్ని ఎక్కడ పెట్టమంటారు?"

చెబితే అర్థమయ్యేట్టు లేదని నేనే చాప మీద కూర్చున్నాను. దేని పక్కన ఏది ఉండాలో ఎడమచేత్తో సర్దుతూ, ఆవిడ నిలబడి అడుగుతుంటే పేర్లు చెబుతూ, సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. కావాలనే అలా తప్పుగా పేర్చావా అని తర్వాత మా ఆవిడ అడిగితే, "వాటి సంగతి నాకేం తెలుసే" అన్నారట. నాకు ఇప్పటికీ అనుమానమే.

మర్నాడు, "వీటికి ఒక బల్ల ఉంటే బాగుంటుంది కదండీ" అన్నారు. వడ్రంగిని పిలుద్దామన్నాను. "ఆయన చేస్తే ఆయన చేతికి కుదురుద్దండి. మీ చేతికి కుదరాలి కదా" అన్నారు. వాళ్ళింట్లో పాత ధాన్యం గాదె విప్పిన టేకు చెక్కలు కొడుకు చేత పంటు మీద రేవు దాటించి తెప్పించారు.

రంపం ఎడమచేత్తో పట్టుకున్నాను. చెక్కని అదిమిపెట్టడానికి రెండో చెయ్యి లేదు. మోకాలు వేశాను, జారింది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది. ఆవిడ తలుపు వార నుంచి చూస్తున్నారు. అల్లుడి పక్కకి వచ్చి నిలబడటమంటే ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. కొంగు నడుములో దోపుకుని వచ్చి, తల వంచుకుని, రెండు చేతులతో చెక్కని నొక్కిపట్టారు.

"కొయ్యండి" అన్నారు.

రంపం వంకర తిరిగి ఆవిడ వేలి దాకా వెళ్ళింది. ఆపేశాను.

"నా చేతులు నేను చూసుకుంటానండి. మీరు గీత చూసుకోండి."

ఆ మాట తర్వాత చాలా సందర్భాల్లో నాకు పనికొచ్చింది.

బల్లకి కాళ్ళు నిలబెట్టాక ఎక్కడేం పెట్టాలన్నది తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. చెక్కపనీ కరెంటుపనీ ఒకే బల్ల మీదంటే తగాదా. రంపపు పొట్టు వెళ్ళి సర్క్యూట్ బోర్డుల్లో పడుతుంది. ఆవిడ వంటింటి లెక్కలో ఆలోచించారు. "పిండి జల్లించే చోట పొయ్యి పెట్టుకోం కదండీ" అన్నారు. కిటికీ వైపు చెక్కపనికి, గోడ వైపు సోల్డరింగ్‌కి వదిలి, మధ్యన అడ్డంగా ఒక చెక్క నిలబెట్టాం. చెక్కని గానీ బోర్డుని గానీ బిగించి పట్టుకునే వైసు నా ఎదుటే పెట్టాం. అప్పటి నుంచి అదే నా కుడిచెయ్యి. స్విచ్‌బోర్డు ఎడమచేతికి అందేట్టు పెట్టాను. తడి నేల మీద నిలబడి కరెంటు పని చెయ్యడానికి వీల్లేదని, కాళ్ళ కింద మిగిలిన చెక్కలతో ఎత్తుపీట వేయించారు. గోడ వెనక గొయ్యి తవ్వించి నేను ఎర్తు వేయిస్తే, అక్కడి మట్టి ఎండిపోకూడదని చెప్పిన దగ్గర్నుంచి, పొద్దున్నే తులసికి పోసిన చెంబుతోనే దానికీ నీళ్ళు పోసేవారు. చూసినవాళ్ళు ఇదేం పూజండీ అని అడిగేవారు. "అల్లుడుగారికి షాకు కొట్టకుండా" అని చెప్పేవారు.

అన్నీ అమిరాక ఒక పాత రేడియో బోర్డు బిగించి ఐరన్ పట్టుకున్నాను. దాని మొన అనుకున్న చోట ఆగలేదు. కరిగిన లెడ్డు ముద్దగా పడి పక్క తీగకి అంటుకుంది. తీయబోతే బోర్డు కాలింది. ఇంకోటి తీశాను. అదీ కాలింది. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని చేసిన పని. ఐరన్ స్టాండులో పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో వేసుకుని కూర్చుండిపోయాను. కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి ఆవిడ చూడకూడదని తల వంచుకున్నాను.

చూశారు. ఎడంగానే నిలబడి నెమ్మదిగా అన్నారు:

"ఎడంచేతికి ఈ పని ఇవాళేగా అండీ చెప్పేరు. అప్పుడే దాని మీద కోపమెందుకు? కుడిచేతికి ఎన్నాళ్ళు పట్టిందో మీకు గుర్తుండదు, అంతే."

మజ్జిగ తెచ్చి బల్ల చివర పెట్టి వెళ్ళిపోయారు. నేను ఇంకో బోర్డు తీశాను.

నాలుగు రోజులకని వచ్చిన మనిషి వరికోతల దాకా ఉండిపోయారు. ఎదురింటివాళ్ళ మిక్సీ మొదట వచ్చింది. తర్వాత ఫ్యాను, దేవుడి పాటల బాక్సు, ఆక్వా చెరువుల వాళ్ళ మోటారు స్టార్టరు. కుడిచెయ్యి ఇవాళ్టికీ పూర్తిగా రాలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి లెడ్డు తీగ పట్టుకునేంత వచ్చింది. ఇల్లు గడిచే పని బల్ల మీదకి వస్తోంది.

ఆ గదిలో ఆవిడ పొద్దస్తమానం నిలబడే ఉండేవారు. మోకాళ్ళు నొప్పులని మా ఆవిడ చెబితే గాని నాకు తట్టలేదు. మిగిలిన టేకుతో చిన్న ముక్కాలిపీట చేశాను. ఎవరి సాయం లేకుండా నా ఎడమచెయ్యి మొదలుపెట్టి పూర్తిచేసిన మొదటి వస్తువు అది. ఒక కాలు కాస్త పొట్టి. బల్ల పక్కన వేసి, "కూర్చోండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ కూతురి వంక చూశారు. పీట వంక చూశారు. కొంగు సర్దుకుని, అంచు మీద, సగమే కూర్చున్నారు. కాసేపటికి పూర్తిగా కూర్చున్నారు.

పెద్దకర్మ నాడు నరసాపురంలో ఎవరెవరో వచ్చి నా చెయ్యి పట్టుకుని చూశారు. "మా అల్లుడుగారూ నేనూ కలిసి బల్ల చేసేం" అని ఆవిడ వీధిలో అందరికీ చెప్పుకున్నారట. నా ఎదుట ఒక్కసారీ అనలేదు.

ఆవిడ తలపుకి వచ్చినప్పుడల్లా నాకు కనబడేది మా ఇంటి నుంచి తిరిగి వెళ్ళిన ఆ రోజే. సఖినేటిపల్లి రేవులో పంటు మీద మోటారుసైకిళ్ళూ, కొబ్బరికాయల ఆటోలూ, వాటి మధ్య మనుషులూ. ఆవిడ ఆ పీట కూడా తీసుకుని ఎక్కి, కమ్మీ పక్కన వేసుకుని, మా వైపు తిరిగి కూర్చున్నారు. చెయ్యి ఊపలేదు, అది ఆవిడకి అలవాటు లేదు. పంటు కదిలింది. పీట పొట్టి కాలు కింద తన చెప్పు దూర్చుకుని, చెప్పు లేని పాదం ఇనప రేకు మీద ఆనించి, గాలికి తల మీద కొంగు పట్టుకుని, నడిగోదావరి దాటినా ఇటే చూస్తూ కూర్చున్నారు.